గోడ దాటిన ప్రార్థన

ఈమధ్య కుప్పంలో మా మనవరాలి ఇంటికి వెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చాను. అక్కడ సాయంత్రం కాగానే ఇంటిల్లిపాదీ ముందుగదిలో చాప పరుచుకుని కూర్చుంటారు. మధ్యలో ఫోను పెడతారు. ఎక్కడెక్కడి బంధువులో, సంఘస్థులో అందులో చేరి ఒకరి తరువాత ఒకరు ప్రార్థన చేస్తారు. మంచి అలవాటే. నా వయసులో దాన్ని తప్పు పట్టకూడదు. అయితే ఒకరోజు ఎవరో ఒకావిడ, గొంతు చాలా తియ్యనిది, ఒక అమ్మాయి కోసం ప్రార్థన ఎత్తుకుంది. ఆ అమ్మాయి పేరు, ఊరు, మొగుడు ఎందుకు వదిలేసిందీ, పుట్టింటివాళ్ళు ఎవరికీ తెలియకుండా ఏ ఆస్పత్రిలో చేర్పించిందీ అన్నీ దేవునికి వివరంగా చెప్పింది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న పనిమనిషి నీళ్ళు కట్టేసి మరీ విన్నది. నాకు ముఖమంతా మంటెత్తింది. కళ్ళు తెరిచి చూస్తే అందరూ భక్తిగా తలలు వంచుకుని ఉన్నారు. ఆమెన్ అన్నాక మనవరాలు నన్ను చూసి, "యేమవ్వా, మొగమంతా అట్ల కందిపోయినాది, ఒంట్లో బాగలేదా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఉన్నదంతా చెప్పాలంటే పుంగనూరు నుంచి మొదలుపెట్టాలి.

మా నాయన పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో మిషను తరఫున వాక్యం చెప్పే ఉపదేశి. సోమవారం పొద్దున సైకిలెక్కాడంటే పెద్దపంజాణి వైపు ఊళ్ళన్నీ తిరిగి శనివారం మాపటికి గాని ఇల్లు చేరేవాడు కాదు. మా అమ్మ పేరు సారమ్మ. ఊళ్ళో ఆ పేరు కొద్దిమందికే తెలుసు, అందరికీ ఆమె బైబిలమ్మ. గడప దాటి బయటికి రాని ఆడవాళ్ళున్న ఇళ్ళకు వెళ్ళి, తెలుగు అక్షరాలూ కుట్టుపనీ నేర్పి, వాళ్ళు వింటామంటే వేదంలోని, అంటే బైబిలులోని, కథ ఒకటి చెప్పి రావడం మిషనువాళ్ళు ఆమెకు ఇచ్చిన పని. ముఖ్యంగా సాయిబుల వీధిలో ఆమెకు ప్రతి ఇంటి లోగిలీ తెలుసు. తెల్లచీర, చంకలో గుడ్డసంచి, ఎండైనా వానైనా ఒక నల్లగొడుగు. ఆ గొడుగు వీధి మొదట్లో కనిపించగానే లోపల ఆడపిల్లలు పలకలు తుడుచుకునేవాళ్ళట.

మేముండేది వరసగా కట్టిన పెంకుటిళ్ళలో ఒకదానిలో. ఇంటికీ ఇంటికీ నడుమ గోడ మనిషెత్తు కన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది, ఆ పైన పెంకుల దాకా అంతా ఖాళీ. మేం తాలింపు వేస్తే పక్కింటివాళ్ళు తుమ్మేవాళ్ళు. ఆ ఇంట్లో మా రోజు ప్రార్థనతో మొదలయ్యేది. కోడి కూయగానే అమ్మ లేచి, ముఖం, కాళ్ళు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకున్నాకే మమ్మల్ని లేపేది. నన్నూ తమ్ముణ్ణీ పెరట్లోకి తోసి చన్నీళ్ళతో ముఖాలు కడిగించేది. "నిద్రమొగంతో దేవుని ముందర కూసునేది యేమి మర్యాద?" అనేది. అవి యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరికేది కాదు. ఆముదపు దీపం వెలుగులో ప్రార్థన జరిగేది. ఆముదం కాలే వాసన, మూలన కుండలో పులిసిన రాగి అంబలి వాసన, మా నాయనమ్మ తలకు రాసుకున్న నూనె వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఈనాటికీ దేవుని సన్నిధి అనిపిస్తుంది. వేదపుస్తకాన్ని అమ్మ ఎర్రగుడ్డలో చుట్టి పెట్టెలో అన్నిటికన్నా పైన ఉంచేది. దాని మీద ఇంకో వస్తువు పెట్టకూడదు, ఎంగిలిచేత్తో ముట్టకూడదు. ముందు ఒక కీర్తన, తరువాత ఒక అధ్యాయం. మా అవ్వకు, అంటే నాయనమ్మకు, చదువు రాదు గాని నేను ఒక వరస దాటేస్తే మాత్రం దొరికిపోయేదాన్ని. "ఆడ యేందో మింగేసినావే, వెనక్కి పో" అనేది. ఆ తరువాత అందరం మోకాళ్ళ మీద. లేచేసరికి మోకాళ్ళ మీద చాప నేత అచ్చు పడి ఉండేది. బడికి పోయే దారిలో దాన్ని తడుముకుంటూ పోయేవాళ్ళం.

అమ్మ ప్రార్థన మాట్లాడినట్టుండేది. బాగా తెలిసిన పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఆయనకు ఊరి సంగతులు చెప్పి సాయం అడిగినట్టుండేది. ప్రతివాళ్ళనూ పేరు పెట్టి చెప్పేది. అది అవ్వ నేర్పిన పద్ధతి. మా వంశంలో మొదట ఈ మతంలోకి వచ్చింది అవ్వే. "పేరు పెట్టి పిలిస్తేనే గదా బిడ్డ పలికేది. దేవునికి గూడా పేరు పెట్టి సెప్పాల. అందర్నీ సల్లగా సూడు అంటే, సంతలో అందరికీ కలిపి ఒక దండం పెట్టినట్టుంటాది" అనేది. అందుకని అమ్మ ఎవరి కాలు విరిగిందో, ఎవరి కోడలికి కడుపు నిలవలేదో, ఎవరి కొడుకు పట్టాళంలో చేరి కబురు లేదో, అన్నీ పేర్లతో సహా చెప్పేది. చెబుతూ చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పక్కింటి రెడ్డెమ్మ అదే వేళకు పెరట్లో పాలు పిండుతుండేది. వాళ్ళది పల్లె నుంచి వచ్చిన సేద్యగాళ్ళ కుటుంబం, ఆమె మొగుడు బెల్లం బండి కట్టుకుని పలమనేరు మండీకి పోయి వచ్చేవాడు. మా ప్రార్థనంతా ఆమెకు వినపడుతుందని అందరికీ తెలుసు, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. "సారమ్మా, మా ఎర్రావు నిన్నట్నుంచి మేత ముట్టలేదు. రేపు మీ దేవునికి ఒక మాట సెప్పమ్మా" అని గోడ అవతల నుంచి కేకేసేది. అమ్మ నవ్వకుండా, మరునాడు ఎర్రావును కూడా మిగతావాళ్ళ వరసలో చేర్చేది.

సాయిబుల వీధిలో చింతపండు వ్యాపారం చేసే ఒకాయన కూతురు షరీఫా. పదహారో పదిహేడో ఏళ్ళుంటాయి. అమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నవాళ్ళలో ఆమెకున్నంత చురుకు ఇంకెవరికీ లేదని మా ఇంట్లో అన్నాలు తినేటప్పుడు రోజూ ఆమె మాట వచ్చేది. నేనెరగని ఆ పిల్ల నా బొమ్మకు పట్టుముక్కతో రవిక కుట్టి పంపింది. అంత చిన్న రవికకు కూడా గుండీలు పెట్టింది. పలమనేరులో ఆమెకు సంబంధం కుదిరింది. ఒకరోజు పూలు కుడుతూ కుడుతూ ఆ పిల్ల చేతిలోని తెల్లగుడ్డను నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. తీసి చూసుకుని గబుక్కున మడిచి ఒళ్ళో దాచుకుంది. అమ్మ చూసింది. తల్లి మహబూబ్‌బీ అమ్మను వంటింట్లోకి తీసుకుపోయి రెండు చేతులూ పట్టుకుంది. ఆ మాటలు అమ్మ మాకు చాలా ఏళ్ళ తరువాత, తనంతట తానే చెప్పింది.

"నీ కాళ్ళు మొక్కుతా సారమ్మా. ఈ మాట ఈ గోడలు దాటగూడదు. ముందర నిఖా కానీ."

"పెండ్లి కొన్నాళ్ళు నిలపమ్మా. మదనపల్లె క్షయ ఆస్పత్రికి తోడకపోదాం. నేనొస్తా తోడు."

"ఆ ఆస్పత్రి గేటు లోపలికి పోయొచ్చిన ఆడబిడ్డను మళ్ళా యెవురు సేసుకుంటారు? ఎవురికీ సెప్పనని మాటియ్యి."

అమ్మ మాటిచ్చింది. ఆమె లెక్కలో ఆ మాట తప్పలేదు కూడా. నాయనకు చెప్పలేదు, అవ్వకు చెప్పలేదు. మరునాడు పొద్దున మోకాళ్ళ మీద ఉండి దేవునికి మాత్రం చెప్పింది. అంత బరువు మోస్తూ తెల్లవార్లూ మేలుకుని ఉండిందేమో, దేవుని ముందర మోకరించగానే కట్ట తెగినట్టయింది. "తండ్రీ, మా షరీఫా దగ్గితే రక్తం పడతాండాది. తల్లి భయపడి దాస్తాండాది. ఈ పెండ్లి లోపల ఆ బిడ్డ రొమ్మును ముట్టు నాయనా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. గోడ అవతల పాలు చెంబులో పడే చప్పుడు ఆగిపోయింది. ఆగడం నాకు తెలిసింది. చిన్నదాన్ని, ఆవు తన్నిందేమో అనుకున్నాను.

రెడ్డెమ్మ చెడ్డమనిషి కాదు. ఆ పిల్ల మీద జాలితోనే మొగుడికి చెప్పింది. మొగుడు మండీలో బెల్లం దించి, ఎవరితోనో అయ్యో పాపం అని అన్నాడు. పెళ్ళికొడుకువాళ్ళ దుకాణం ఆ మండీ పక్కనే.

కొన్నాళ్ళకు ఒక మిట్టమధ్యాహ్నం మహబూబ్‌బీ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ పగటిపూట వీధిలోకి రాని మనిషి, నల్లబురఖాలో ఒక్కతే నడిచి వచ్చింది. అమ్మ రాగులు చెరుగుతోంది. లేచి పీట వేసింది. ఆమె కూర్చోలేదు.

"మాటిచ్చినావే సారమ్మా."

"ఇచ్చినానమ్మా. ఎవురికీ సెప్పలేదు. నా బిడ్డల మీద ఒట్టు."

"పలమనేరు నుంచి మనిషొచ్చినాడు. మీ పిల్ల నెత్తురు కక్కతాండాదంట గదా, బైబిలమ్మ దేవునికి సెప్పుకోని యేడ్సిందంట గదా అని మా ఆయన్ను అడిగినాడు."

అమ్మ మెల్లగా తల తిప్పి నడుమ గోడ వైపు చూసింది. గోడ పైన ఖాళీ వైపు చూసింది. ఆ ఖాళీని ఆమె అన్నేళ్ళలో ఎన్నడూ చూడనట్టు చూసింది.

"మీ దేవునికి చెవుడా సారమ్మా?" అన్నది మహబూబ్‌బీ. గొంతు పెంచలేదు. "మనసులో సెప్తే ఆయనకు యినపడదా?"

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆ మాటకు ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది.

మహబూబ్‌బీ వచ్చింది అడగడానికే కాదు. "వాళ్ళు మళ్ళా వస్తామన్నారు. నీ పుస్తకం తెచ్చుకోని మా ఇంటికి రా. దాని మీద సెయ్యి పెట్టి, నేను అన్నది అబద్ధం, ఆ పిల్లకు యే జబ్బూ లేదు అని వాళ్ళ ముందర సెప్పు. నువ్వు పాడు సేసినావు, నువ్వే బాగు సెయ్యి."

అమ్మ కింద కూర్చుని ఆమె పాదాలు పట్టుకుంది. "అమ్మా, నేను అబద్ధాలకోరునని మీరే సెప్పండి. ఊరంతా సెప్పండి. కాదని నేను యాడా అనను, నోరు తెరవను. నా మర్యాద మీకిచ్చినా. పుస్తకం మీద సెయ్యి మాత్రం పెట్టలేను. ఆ జబ్బుతోనే పోయి కాపురం సేస్తే, కాన్పు వస్తే, ఆ బిడ్డ బతుకుతాదా? మీరు తల్లి, మీరే సెప్పండి."

మహబూబ్‌బీ కాళ్ళు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె తన బిడ్డ కోసం చెయ్యగలిగింది చేసింది. బైబిలమ్మ ఇళ్ళలోకి వచ్చి, లేనిపోనివి కల్పించి, వాటిని ప్రార్థన అని ఊరంతా చాటుతుందని సాయిబుల వీధి అంతా చెప్పుకున్నారు. ఒక్కొక్క ఇంటి తలుపూ మూతపడింది. నల్లగొడుగు ఎదురైతే జనం పక్క సందులోకి తప్పుకున్నారు. బడిలో నన్ను అబద్ధాలమ్మ కూతురన్నారు. ఏడ్చుకుంటూ వచ్చి చెబితే అమ్మ, "బదులు సెప్పొద్దు తల్లీ. ఆ మాట వాళ్ళకిచ్చింది నేనే" అన్నది. నాకేమీ అర్థం కాలేదు. అమ్మ ఒక్క అబద్ధం చెబితే మాకీ అవమానం తప్పుతుంది గదా అనుకున్నాను. అమ్మ చేత అబద్ధం చెప్పించు తండ్రీ అని దేవునికి మొక్కుకున్నాను కూడా. తొమ్మిదేళ్ళ పిల్లను, సిగ్గు అంత పని చేయించింది.

మా సంఘం పాదిరిగారు అమ్మను పిలిపించి అడిగారు. ఆయన మంచివారే, ఫిర్యాదు వచ్చింది గనక అడగక తప్పలేదు. అమ్మ తల వంచుకుని నిలబడింది గాని నిజమనీ చెప్పలేదు, అబద్ధమనీ చెప్పలేదు. కొంతకాలం ఇళ్ళకు వెళ్ళడం మానుకొమ్మని ఆయన చెప్పారు. శనివారం నాయన ఊరి నుంచి వచ్చి సైకిలు గోడకు ఆనించకముందే అవ్వ అంతా చెప్పింది. "పాదిరి అయ్యగారికైనా నిజం చెప్పరాదా?" అన్నాడు నాయన. "ఒకసారి మాట తప్పినా. రెండోసారి తెలిసి తెలిసి తప్పమంటావా?" అన్నది అమ్మ.

ఆ రోజుల్లో కూడా మా ఇంట్లో పొద్దుటి ప్రార్థన ఆగలేదు. ముఖాలు కడుక్కునేవాళ్ళం, కీర్తన పాడేవాళ్ళం, నేను చదివేదాన్ని. మోకరించాక అమ్మ నోరు తెరిచేది. మాట వచ్చేది కాదు. ఆముదపు దీపం చిటపటమనేది. అవతల రెడ్డెమ్మ కూడా ఆ వేళకు పాలు పిండడం మానేసింది. చివరికి అవ్వ, "పేరు పెట్టి సెప్పమన్నది నేనే గదరా దేవుడా" అని తనలో తను అనుకున్నట్టు అనేది. అదే ప్రార్థన, అక్కడితో లేచేవాళ్ళం. ఒకసారి పెరట్లో రెడ్డెమ్మ గోడ దగ్గరికి వచ్చి, "నేను దొంగగా యినలేదు సారమ్మా. దేవుని మాట గదా, అందరికీ అనుకున్నా" అన్నది. "నీ తప్పు లేదక్కా" అన్నది అమ్మ. నిజంగా అలాగే అనుకుంది కూడా. ఆమెను తప్పు పట్టగలిగితే అమ్మకు కొంచెం తేలికయ్యేదేమో.

పలమనేరువాళ్ళు కొన్నాళ్ళు తటపటాయించారు. ఈలోగా షరీఫా పెదనాన్న ఇంట్లో ఏదో శుభకార్యం జరిగింది. ఆడవాళ్ళంతా కూర్చుని ఉండగా ఆ పిల్లకు దగ్గు తెర వచ్చింది. ఈసారి దాచడానికి చేతిలో గుడ్డ లేదు. ఆ సంబంధం అంతటితో పోయింది. రెండు రోజులకు మహబూబ్‌బీ మళ్ళీ మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. "పోదాం పా" అన్నది. అమ్మ ఎక్కడికని అడగలేదు. సంచి తీసుకుంది. ముగ్గురూ మదనపల్లె బస్సెక్కారు. అప్పుడు బస్సులు బొగ్గుతో నడిచేవి, ఎత్తు వస్తే జనం దిగి నడవాలి. ఎక్కడా ఆ పిల్లను మాత్రం దిగనివ్వకుండా, అమ్మ దిగి ఆ కిటికీ పక్కనే నడిచిందట. క్షయ ఆస్పత్రిలో షరీఫాను చేర్చుకున్నారు. మందు లేని రోజులవి. గాలి, పడక, పాలు, గుడ్లు, మిగిలింది అదృష్టం.

నిజం బయటపడ్డాక పాదిరిగారు తానే మా ఇంటికి వచ్చారు. "చూశావా సారమ్మా, నీ పొరపాటును కూడా దేవుడు మేలుకు వాడుకున్నాడు" అన్నారు ఓదార్పుగా. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి, "ఆయన మేలు ఆయనది అయ్యా. నేను సేసింది మాత్రం నాదే" అన్నది. ఊరు ఆ సంగతి తొందరగానే మరిచిపోయింది, తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. అమ్మ మరిచిపోలేదు. మళ్ళీ ప్రార్థన చేయడం మొదలుపెట్టినప్పుడు వానల కోసం, పల్లెల్లో తిరిగే నాయన కోసం, మా చదువుల కోసం గొంతెత్తి అడిగేది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాట ఆపేసేది. పెదవులు కూడా కదిలేవి కావు. చేతులు మాత్రం ఒళ్ళో ఒకదానినొకటి గట్టిగా పట్టుకునేవి. ఆ మౌనం ఎంతసేపుండేదంటే తమ్ముడు మోకాళ్ళ మీదే కునికేవాడు. అంతకుముందు అమ్మ ప్రార్థన వింటూ ఊరందరి సంగతులూ తెలుసుకునేవాళ్ళం. ఆ తరువాత, ఒకరి బాధ ముందర ఎంత ఒదిగి ఉండాలో ఆ మౌనంలో చూశాం. చూశాం అన్నానే గాని నేర్చుకున్నామని ఎలా చెప్పను? నేను పెద్దయి మదనపల్లెలో టీచరునయ్యాను. సంఘంలో స్త్రీల కూడికకు పెద్దనయ్యాను. ఆ ఊళ్ళో నా అంత చక్కగా ప్రార్థన చేసేవాళ్ళు లేరనిపించుకున్నాను. మైకు ముందర నిలబడి పేరుపేరునా ప్రార్థించాను, జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ కళ్ళనీళ్ళలో ఎవరి ఇంటి పరువు కొట్టుకుపోయిందో నేను ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. అమ్మ ఒకే ఒక్కసారి చేసి జీవితమంతా తల వంచుకున్న పనిని, నేను తల ఎత్తుకుని ఎన్నేళ్ళు చేశానో.

షరీఫా బతికింది. చాలాకాలం ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు, అన్న ఇంట్లోనే ఉండి బట్టలు కుట్టేది. అమ్మ పోయినప్పుడు సమాధి దగ్గర ఆడవాళ్ళ వెనక ఒక పక్కన నిలబడి ఉంది. అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. వేళ్ళకు సూది గరుకు తగిలింది. అమ్మ మీద కోపం లేదా అని అడిగాను. అడగకూడదేమో, అడిగేశాను.

"ఎందుకుండదు? ఉండె" అన్నది. "ఆస్పత్రిలో మొదట్లో మీ అమ్మ వస్తే అటు తిరిగి పడుకునేదాన్ని. నాతో మాట్లాడాలని సూడలేదు. వచ్చేది, నా జడ ఇప్పి, సిక్కు తీసి, మళ్ళా అల్లి పొయ్యేది. మా వాళ్ళెవురూ నన్ను ముట్టుకోని రోజులు అవి. ఒకనాడు నేనే అడిగినా. ఈ వార్డులో అందరి కోసం యెవురో ఒకరు వచ్చి గట్టిగా ప్రార్థన సేస్తాండారు, నువ్వు నాకోసం యాల సెయ్యవు అని."

"ఏమన్నది?"

"జడ అల్లతా అల్లతానే అన్నది. సేస్తాండాను బిడ్డా, కదలొద్దు, అని."